ఈరోజు ఓడ ఏ రేవుకు? ఇజు ఓషిమా పట్టణం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. పనులు పక్కన పెట్టి భూగోళ పాఠం వినడానికి ఇంతమంది వచ్చారు. బడిలో అదే పాఠం చెప్పుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి నాకు ఇది పండగలా ఉంది. ముందు వరుసలో పురపాలక సంఘంలో, గ్రామ సచివాలయాల్లో పనిచేసేవారు కూర్చున్నారని నిర్వాహకులు చెప్పారు. నేను చెప్పబోయే కథలో మీలాంటి ఉద్యోగులే ముఖ్యులు. కాస్త ఓపికగా వినండి.

జపాన్‌లో ఇజు ఓషిమా అనే ద్వీపం ఉంది. అక్కడ ప్రతి ఉదయం ఊరంతా ఒక కబురు కోసం ఎదురుచూస్తుంది. ఈరోజు ఓడ ఏ రేవుకు వస్తుంది? పడమటి ఒడ్డున మోటోమాచి రేవు, ఉత్తరాన ఒకాటా రేవు. టోక్యో నుంచి రాత్రంతా ప్రయాణించిన ఓడ తెల్లవారేసరికి వచ్చేస్తుంది. కానీ ఏ రేవులో ఆగేది ముందు రోజే ఖాయం చేయరు. ఆ పూట గాలి ఎటు వీస్తోంది, అలలు ఎలా ఉన్నాయి అని చూసి తేలుస్తారు. పడమటి గాలి బలంగా ఉంటే మోటోమాచిలో ఓడ కట్టడం కష్టం, అప్పుడు ఒకాటాకు మళ్లిస్తారు. రేవు మారితే బస్సుల దారి మారుతుంది, బంధువుల కోసం కారులో వచ్చేవాళ్ల దారి మారుతుంది, సరుకు దించుకునే చోటు మారుతుంది. ఒక ఊరి బతుకు రోజూ గాలినిబట్టి సర్దుకోవడం నాకు ఎంతో నచ్చిన విషయం. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను.

ఇప్పుడు తెర మీద పటం చూడండి. టోక్యోకు దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఈ చుక్క. ఇజు ద్వీపాల వరుసలో అన్నిటికన్నా పెద్దది ఇదే. వైశాల్యం 91 చదరపు కిలోమీటర్లు. పొడవు 15 కిలోమీటర్లు, వెడల్పు 9. జనాభా ఇప్పుడు సుమారు 7 వేలు. ద్వీపం మొత్తం ఒకే పట్టణం, ఒకే పురపాలక సంఘం. దాని పేరు ఓషిమా పట్టణం. నడిమధ్యన మిహారా అగ్నిపర్వతం, ఎత్తు 758 మీటర్లు. ఊళ్లన్నీ అంచుల్లో, సముద్రానికి కొండకి మధ్య సన్నటి పట్టీలో ఉంటాయి. తూర్పు వైపు దాదాపు నిర్మానుష్యం.

ద్వీపం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగి ఉంది. దానికి కారణం ఉంది. భూమి పైపెంకు పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటిని ఫలకాలు అంటారు. అందులో ఒకటైన ఫిలిప్పీన్ సముద్ర ఫలకం జపాన్ కిందకు నెట్టుకుపోతోంది. ఆ ఒత్తిడికి నేల వాయవ్యం నుంచి ఆగ్నేయానికి చీలుతుంది. శిలాద్రవం ఆ చీలిక వెంబడే పైకి వస్తుంది. అందుకే ద్వీపమంతా చిన్న చిన్న అగ్నిపర్వత గుట్టలు ఆ వరుసలోనే కనిపిస్తాయి, ద్వీపం కూడా అటే సాగింది. ఈ చీలిక దిశను గుర్తు పెట్టుకోండి, తర్వాత మళ్లీ దాని దగ్గరకు వస్తాం.

ఈ ఫొటో చూపించకుండా ఉండలేను. నైరుతి తీరంలో, రోడ్డు పక్కన నిలువుగా తెగిన కొండ. 1953లో ద్వీపం చుట్టూ రోడ్డు వేస్తూ కొండను తవ్వినప్పుడు బయటపడింది. సుమారు 24 మీటర్ల ఎత్తు, 600 మీటర్లకు పైగా పొడవు. చారలు చారలుగా ఎలా ఉందో చూడండి. నల్ల చార, ఎర్ర చార, పసుపు చార, మళ్లీ నల్ల చార. మన ఆత్రేయపురం పూతరేకును కత్తితో కోసి అంచు చూస్తే పొరలు కనిపిస్తాయే, అలా ఉంది. ఒక్కో విస్ఫోటనంలో రాలిన బూడిద, గులకలు ఒక పొర. కొండ నిద్రపోయిన కాలంలో గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మన్ను ఇంకో పొర. వేల సంవత్సరాల్లో సుమారు వంద విస్ఫోటనాల లెక్క ఆ గోడ మీద రాసి ఉంది.

ఆ చారలు అలల్లా లేచి పడుతున్నాయి కదా. ఈ బొమ్మ చూపిస్తే పిల్లలందరూ ఒకే మాట అంటారు, నేల ముడతపడింది సార్ అని. కాదు. నేల ముడతపడలేదు. పాత నేలే మెట్టాపల్లాలుగా ఉంది. దాని మీద బూడిద పైనుంచి మెల్లగా, అన్నిచోట్లా సమానంగా రాలింది. గతుకుల మంచం మీద దుప్పటి పరిస్తే దుప్పటి కూడా గతుకుల ఆకారమే పొందుతుంది. కింది నేల ఆకారం పై పొరకు అంటుకుంటూ వచ్చింది. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ ఈ ద్వీపంలో గట్టి లావా మీద వదులు బూడిద మన్ను పరుచుకుని ఉంటుందన్న సంగతి ఇదే గోడ చెబుతోంది. 2013లో ఆ సంగతి ప్రాణాల మీదికి తెచ్చింది.

ఇక్కడి రాయి బసాల్ట్. నల్లగా, బరువుగా ఉంటుంది. మనకు కొత్తదేమీ కాదు. రాజమహేంద్రవరం అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టి మన రోడ్లకు పరిచే నల్లరాయి కూడా ఆ జాతిదే. అది కోట్ల సంవత్సరాల క్రితం చల్లబడింది. ఓషిమాలోది మన జీవితకాలంలో పారింది. తేడా అంతే.

లావా రాయిలో పగుళ్లు ఎక్కువ. వాన కురిసిందంటే నీరంతా కిందకు ఇంకిపోతుంది. అందుకే ద్వీపంలో ఏడాది పొడవునా పారే నది లేదు. ఒక్కటీ లేదు. వాగుల పేర్లున్నాయి, కానీ అవి వాన రోజున తప్ప ఎప్పుడూ ఎండిపోయి ఉండే గాడులు. వెనకటి రోజుల్లో అక్కడి ఆడవాళ్లు బావుల నుంచి నీటి కుండలు తల మీద పెట్టుకుని ఇళ్లకు మోసేవారు. తల మీద బరువుతో నిటారుగా నడిచే ఆ స్త్రీలను జపాన్‌లో అంకో అనే పేరుతో అందరూ గుర్తుపడతారు. మనకు ఆ నడక ఎవరూ నేర్పనక్కర్లేదు, చుట్టకుదురు ఉన్న ప్రతి ఊరికీ తెలుసు. నీళ్లు కరువైన ఆ బూడిద నేలలో కమేలియా చెట్టు మాత్రం అడవిలా పెరిగింది. మనం తాగే టీ మొక్కకు అది దగ్గరి చుట్టం. సముద్రపు గాలికి అడ్డంగా ఇళ్ల చుట్టూ, పొలాల చుట్టూ దడిలా పెంచారు. గింజలు ఏరి, ఎండబెట్టి, నూనె పిండారు. తలకు రాసుకోవడానికి, వంటకు కూడా వాడే ఆ నూనె ఇప్పటికీ ద్వీపానికి పేరు తెచ్చే సరుకు.

ఇక చరిత్ర. చాలా పాత సంగతులు త్వరగా దాటేస్తాను. రాజధానిలో ఓడిపోయిన యోధులను, శిక్ష పడినవాళ్లను పంపించే ప్రవాస స్థలంగా ఈ ద్వీపం ఉండేది. 1156 తిరుగుబాటులో ఓడిన మినామోటో నో తమెటోమో అనే విలుకాడిని ఇక్కడికే పంపారు. తర్వాత షోగన్లు అనే సైనిక పాలకుల ఏలుబడిలో ఉప్పు, చేపలు, కట్టెలు ఇచ్చి బతికిన ద్వీపం.

హాబు రేవు దగ్గర మాత్రం ఆగాలి. ద్వీపం దక్షిణపు కొసన, నిలువు గట్ల మధ్య గుండ్రటి రేవు. గుండ్రంగా ఎందుకుందంటే అది ఒక అగ్నిపర్వత బిలం. 9వ శతాబ్దంలో భూగర్భ జలం, శిలాద్రవం కలిసి పేలితే గుంట పడింది, నీరు నిండి చెరువైంది. 1703లో పెద్ద భూకంపం వచ్చి, సునామీ తాకిడికి సముద్రం వైపు గట్టు తెగింది. ఉప్పునీరు లోపలికి వచ్చింది. అప్పటికీ దారి ఇరుకు, పెద్ద పడవలు దూరలేవు. దాదాపు వందేళ్ల తర్వాత, 1800లో అకిహిరో హెయిరొకు అనే ఆయన ఆ ఇరుకు దారిని తవ్వించి రేవుగా తెరిచాడు. తుపానులో చిక్కుకున్న పడవలకు అంతకన్నా భద్రమైన చోటు ఆ చుట్టుపక్కల లేదు. పేలిన గుంటలో పడవలు తలదాచుకున్నాయి. నాకు ఈ ద్వీపం మొత్తం ఆ రేవులోనే కనిపిస్తుంది.

పాలన సంగతికి వద్దాం. 1878లో ఇజు ద్వీపాలను షిజువొకా అనే పాలనా ప్రాంతం నుంచి తీసి టోక్యోలో కలిపారు. ఇప్పటికీ అంతే. సముద్రం మధ్యన ఉన్నా ఓషిమా టోక్యోలో భాగం. అక్కడి కార్ల నంబరు ప్లేటు మీద షినాగావా అని ఉంటుంది, అది టోక్యో నగరం నడిబొడ్డున ఉన్న పేట పేరు. అక్కడి పోలీసులు టోక్యో మహానగర పోలీసులు. టోక్యో శాసనసభలో ఈ ద్వీపాలన్నిటికీ కలిపి ఒకే ఒక్క స్థానం ఉంది. ద్వీపంలో రెండు కార్యాలయాలు పక్కపక్కన పనిచేస్తాయి. ఒకటి టోక్యో ప్రభుత్వపు శాఖా కార్యాలయం. పెద్ద రోడ్లు, రేవులు, కొండవాగుల్లో బురదను ఆపే అడ్డుకట్టలు దాని పని. రెండోది ప్రజలు ఎన్నుకున్న మేయరు, సభ్యులు ఉన్న పట్టణ కార్యాలయం. చిన్న బడులు, చెత్త, అగ్నిమాపక దళం, జనన మరణాల నమోదు దానివి. ఇంకో పని కూడా దానిదే. ఆపద వచ్చినప్పుడు ఇళ్లు ఖాళీ చేయండి అని చెప్పే అధికారం. 1959 నాటి ఇసే అఖాతం తుపానులో 5 వేల మంది చనిపోయాక, 1961లో జపాన్ విపత్తుల చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ఖాళీ చేయించే మాట పలకాల్సింది ప్రధానమంత్రి కాదు, టోక్యో గవర్నరు కాదు. పట్టణ మేయరు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క అధికారం చుట్టూనే తిరుగుతుంది.

ఈ పట్టణం ఎప్పటిది? 1955 ఏప్రిల్ 1న పుట్టింది. అప్పటిదాకా ఆరు గ్రామాలు. మోటోమురా, ఒకాటా, సెన్జు, నోమాషి, సాషికిజి, హాబు. కొండ చుట్టూ విడివిడిగా, ఎవరి రేవు వారిది, ఎవరి గుడి వారిది. 1908 నుంచి దీవుల కోసం చేసిన ప్రత్యేక నియమావళి కింద గ్రామ పాలన సాగింది. ప్రధాన భూభాగంలోని ఊళ్లకు వర్తించిన చట్టం వీళ్లకు ఆలస్యంగా అందింది. ఆరు గ్రామాలు కలిశాక మోటోమురా పేరు మోటోమాచిగా మారి పట్టణానికి కేంద్రమైంది.

పట్టణం పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందు ఇక్కడ ఒక అబ్బురం జరిగింది. 1946 జనవరి 29న, జపాన్‌ను ఏలుతున్న మిత్రరాజ్యాల సైనిక కార్యాలయం ఒక ఉత్తర్వు ఇచ్చింది. జపాన్ పాలన పరిధి నుంచి కొన్ని ప్రాంతాలను తీసేసింది. ఆ జాబితాలో ఇజు ద్వీపాలు కూడా ఉన్నాయి. అంటే ఒక్క కాగితంతో ఓషిమా జపాన్‌లో లేకుండా పోయింది. మరి ఎవరిది? ఎవరూ చెప్పలేదు. అప్పుడు ద్వీపవాసులు ఏం చేశారో వినండి. గ్రామ పెద్దలు, సామాన్యులు కూర్చుని సొంతంగా రాజ్యాంగం రాయడం మొదలుపెట్టారు. రాసినవాళ్లలో న్యాయపండితులు లేరు. ద్వీపాన్ని పాలించే అధికారం ద్వీప ప్రజలదేనని మొదటే రాసుకున్నారు. ప్రజలు ఎన్నుకునే సభ, పాలన చూసే పెద్ద, ప్రజలే ఓటు వేసి తీర్పు చెప్పే ఏర్పాటు. జపాన్ కొత్త రాజ్యాంగం అదే ఏడాది నవంబర్‌లో వెలువడింది. వీళ్లది అంతకు ముందే తయారైంది. కానీ అమలులోకి రాలేదు. మార్చి 22న ఇంకో ఉత్తర్వు వచ్చి ద్వీపాలను తిరిగి జపాన్‌కు ఇచ్చేసింది. 50 రోజుల పైచిలుకు సంగతి. ఆ కాగితాలు మూలపడి, 1990ల చివర్లో మళ్లీ వెలుగు చూశాయి.

నేను ఆ కాగితాల గురించి మొదటిసారి చదివిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. తినడానికి తిండి సరిగా లేని యుద్ధానంతర చలికాలంలో, దిక్కు తోచని పరిస్థితిలో, మమ్మల్ని ఎవరైనా తీసుకోండి అని అర్జీ రాసుకోలేదు వాళ్లు. మా పాలన మేం చూసుకుంటాం అని కలం పట్టారు. స్థానిక స్వపరిపాలన అనే మాటకు నాకు తెలిసిన అతి గొప్ప ఉదాహరణ ఇదే.

ఇప్పుడు కొండ దగ్గరకు వెళ్దాం. ద్వీపవాసులు మిహారా బిలంలో ఎర్రగా వెలిగే కాంతిని గోజింకా అంటారు. దేవుడి నిప్పు అని అర్థం. 1777లో పెద్దగా రగిలింది. 20వ శతాబ్దంలో 1912, 1950, 1986. అంతరాలు చూడండి, 38 ఏళ్లు, 36 ఏళ్లు. తాత చూసినదాన్ని మనవడు చూస్తాడు. కొండ భగ్గుమంటే భయపడి పారిపోవడం వాళ్ల అలవాటు కాదు. యాత్రికులు వస్తారు, వ్యాపారం పెరుగుతుంది.

1986 నవంబర్ 15 సాయంత్రం శిఖర బిలంలో విస్ఫోటనం మొదలైనప్పుడు కూడా అదే జరిగింది. ఓడల్లో జనం చూడటానికి వచ్చారు. 19న లావా బిలం నిండి అంచు దాటి పొంగింది. కొండ మీద ఒక చిన్న గుడి ఉంది, మిహారా గుడి. లావా దాని దాకా వచ్చి రెండు పాయలుగా చీలి చుట్టూ పారింది, గుడి మిగిలింది. ఇప్పటికీ గట్టిపడ్డ లావా మధ్యలో ఆ గుడిని చూడవచ్చు. అప్పటిదాకా అంతా అలవాటైన తీరే.

21వ తేదీ సాయంత్రం నాలుగుంపావుకు తీరు మారింది. శిఖరంలో కాదు, శిఖరం చుట్టూ ఉన్న పళ్లెం లాంటి పెద్ద గుంట అడుగున నేల చీలింది. నిప్పుల ఫౌంటెన్ ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. బూడిద స్తంభం 10 కిలోమీటర్లు దాటి ఆకాశంలోకి పోయింది. గంటన్నర తర్వాత ఇంకో చీలిక, ఈసారి ఆ గుంట గోడ దాటి, ఊరి వైపు దిగే వాలు మీద. ఇందాక గుర్తు పెట్టుకోమన్న దిశ ఇదే. వాయవ్యం వైపు వరుసగా 11 నోళ్లు తెరుచుకున్నాయి. అందులోంచి బయలుదేరిన లావా మోటోమాచి వైపు దిగడం మొదలుపెట్టింది. నేల ఆగకుండా కంపిస్తోంది. చీలిక ఇంకా కిందకు, ఊళ్లోకి, సముద్రంలోకి పాకుతుందేమో తెలియదు. చీలిక సముద్రంలోకి వెళ్తే నీరు, శిలాద్రవం కలిసి పేలుతాయి. హాబు రేవు ఎలా పుట్టిందో చెప్పుకున్నాం కదా, అదే.

ముందు మోటోమాచి వాళ్లను బస్సుల్లో దక్షిణానికి, హాబు వైపు తరలించారు. తీరా అక్కడ పెద్ద ఓడలు లోపలికి రాలేవు. పైగా హాబు ఉన్నది అదే చీలిక వరుస రెండో కొసన. పాత బిలంలో వేల మంది గుమిగూడారు. మళ్లీ బస్సులు ఎక్కించి మోటోమాచికి వెనక్కి తెచ్చారు, లావా దిగుతున్న ఊరికే, ఎందుకంటే ఓడలు ఆగే చోటు అది. రాత్రి 10 గంటల 50 నిమిషాలకు మేయరు ఉత్తర్వు ఇచ్చారు. ద్వీపంలో ఉన్నవాళ్లంతా ద్వీపం వదలాలి.

ఆ ఉత్తర్వు అమలైన తీరు ఊహించండి. ఊళ్లో స్వచ్ఛందంగా పనిచేసే అగ్నిమాపక దళం ఉంది. చేపలు పట్టేవాళ్లు, దుకాణదారులు, వడ్రంగులు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టారు. ఏ ఇంట్లో ముసలమ్మ ఒంటరిగా ఉంటుందో, ఎవరికి నడవడం రాదో వాళ్లకు జాబితా చూడకుండానే తెలుసు. 1965లో మోటోమాచి పెద్ద మంటల్లో ఐదొందలకు పైగా కట్టడాలు తగలబడ్డాయి, ఒక్కరు కూడా చనిపోలేదు. ఆ రాత్రిని చూసినవాళ్లు ఈ దళంలోనూ ఉండి ఉంటారని నా ఊహ. రేవులో ప్రయాణికుల ఓడలు, తీర రక్షక నౌకలు, నౌకాదళ నౌకలు వచ్చి నిలిచాయి. 10 వేల మందికి పైగా ద్వీపవాసులు, వాళ్లతో పాటు యాత్రికులు. తెల్లవారేసరికి అందరూ ఎక్కేశారు. లావా ఊరికి కొన్ని వందల మీటర్ల దూరంలో ఆగిపోయింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

నెల రోజులు టోక్యోలో, షిజువొకాలో, వ్యాయామశాలల్లో, బడుల్లో గడిపి డిసెంబర్ 19 నుంచి తిరిగి వెళ్లారు. కొత్త సంవత్సరానికి సొంత ఇంట్లో ఉన్నారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది గర్వించదగ్గ కథ. కానీ ఆపకూడదు.

2013 అక్టోబర్ 15. 26వ నంబరు తుపాను ఓషిమా వైపు వస్తోంది. సాయంత్రం 6 గంటల 5 నిమిషాలకు వాతావరణ శాఖ, టోక్యో ప్రభుత్వం కలిసి కొండచరియల ప్రమాద హెచ్చరిక జారీ చేశాయి. అది ఫ్యాక్స్ ద్వారా పట్టణ కార్యాలయానికి చేరింది. ఆ సమయానికి సిబ్బంది ఇళ్లకు వెళ్లిపోయారు. ఫ్యాక్స్ యంత్రం కాగితం బయటికి నెట్టింది, కాగితం అలాగే ఉండిపోయింది. మళ్లీ మనుషుల కంట పడింది అర్ధరాత్రి ప్రాంతంలో. మేయరు పని మీద వేరే ప్రాంతానికి వెళ్లారు, ఉప మేయరూ ద్వీపంలో లేరు. బయట కుంభవృష్టి, కటిక చీకటి. ఈ వేళ జనాన్ని రోడ్ల మీదికి పంపితే అదే ప్రమాదమేమో అన్న సందేహం. ఖాళీ చేయండి అన్న మాట ఎవరి నోటి నుంచీ రాలేదు.

ఆ రాత్రి గంటలో 120 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. 24 గంటల్లో 824 మిల్లీమీటర్లు. హైదరాబాదులో ఏడాది మొత్తం కురిసే వానకు దాదాపు సమానం అది. తెల్లవారుజామున మోటోమాచి పైవాలు జారింది. పూతరేకు గోడ గుర్తుంది కదా. 14వ శతాబ్దపు గట్టి లావా మీద వదులుగా పరుచుకున్న బూడిద మన్ను, నీటితో నానిపోయి, మందం కొద్దిగానే ఉన్నా వాలంత వెడల్పున ఒక్కసారిగా వదులైపోయింది. చెట్లను పెకలించుకుంటూ, మొద్దులతో కలిసి, మామూలుగా చుక్క నీరు పారని ఓకనజావా అనే గాడి వెంబడి కాండాచి పేట మీద పడింది. 36 మంది చనిపోయారు. మరో ముగ్గురు దొరకలేదు.

అదే కొండ, అదే పడమటి వాలు, అదే పట్టణం. 1986లో నిప్పు అటు నుంచే దిగింది.

ఆ మేయరును, ఆ ఉద్యోగులను నిందించడానికి నేను ఈ సంగతి చెప్పడం లేదు. వాళ్లు ఆ రాత్రి తర్వాత ఎలా నిద్రపోయారో నేను ఊహించగలను. నేను అడిగేది వేరే. 1986లో ఆ ఊరికి ఎలా తెలిసింది, 2013లో ఎందుకు తెలియలేదు? నా అభిప్రాయం చెబుతాను. నిప్పు కనబడుతుంది. ఆరు రోజులు కళ్లెదుట వెలిగింది, నేల కాళ్ల కింద వణికింది. ఏ ఉద్యోగీ ఇంటికి వెళ్లలేదు. వాన అలా కాదు. నది లేని ఊరికి వరద భయం ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్ల పాటల్లో, పండగల్లో, అమ్మమ్మల కబుర్లలో దేవుడి నిప్పు ఉంది. బురద లేదు. ఊరి జ్ఞాపకంలో లేని ఆపదను కాగితం గుర్తు చేయాలి. ఆ కాగితం ఖాళీ గదిలో పడింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది ఆగస్టు 30నే జపాన్ వాతావరణ శాఖ ప్రత్యేక హెచ్చరిక అనే కొత్త పద్ధతి తెచ్చింది. ఎన్నడూ లేనంత వాన పడుతుంటే జారీ చేసేది. ఓషిమాలో పడిన వాన నిజంగా ఎన్నడూ లేనిదే. అయినా ప్రత్యేక హెచ్చరిక రాలేదు. ఎందుకంటే ఆ పద్ధతి చాలా విశాలమైన ప్రాంతంలో అంత వాన పడితేనే అన్న లెక్క మీద తయారైంది. పెద్ద భూభాగాన్ని మనసులో పెట్టుకుని గీసిన గళ్లలో చిన్న ద్వీపం ఇమడలేదు. రాజధానిలో కూర్చుని తయారుచేసిన కొలబద్ద చిన్న ఊరికి సరిపోకపోవడం మీలో చాలామందికి అనుభవమే అనుకుంటాను. 2021లో జపాన్ ఈ విపత్తుల చట్టాన్ని మళ్లీ సవరించింది. ఖాళీ చేస్తే మంచిదని చెప్పే సలహాను తీసేసి, ఖాళీ చేయండి అనే ఒకే ఆదేశంగా మార్చింది. ఆ సలహాకు, ఆదేశానికి తేడా చాలామంది జనానికి అర్థం కాకపోవడమే కారణం.

మోటోమాచిలో ఆ బురద పారిన చోట ఇప్పుడు స్మారక ఉద్యానం ఉంది. కొండ కింద శిలాద్రవం మళ్లీ పేరుకుంటోంది. ద్వీపం అతి కొద్దికొద్దిగా ఉబ్బుతోందని కొలతలు చెబుతున్నాయి. 1986 తర్వాత దాదాపు 40 ఏళ్లు కావస్తోంది. అప్పుడు 10 వేలమంది, ఇప్పుడు 7 వేలు, అందులో వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. తలుపు తట్టే చేతులు తగ్గాయి, తట్టాల్సిన తలుపులు పెరిగాయి. వచ్చే విస్ఫోటనానికి సిద్ధమవుతున్న ఆ పట్టణ ఉద్యోగులను తలుచుకున్నప్పుడల్లా నాకు మీరు గుర్తొస్తారు.

చివరగా ఆ అక్టోబర్‌లోనే జరిగిన ఇంకో సంగతి చెప్పి ప్రశ్నలకు సమయం ఇస్తాను. బురద కింద ఇంకా మనుషుల కోసం వెతుకుతుండగానే, పది రోజుల లోపు 27వ నంబరు తుపాను అటువైపు కదిలింది. ఈసారి పట్టణ కార్యాలయం చీకటి పడేదాకా ఆగలేదు. పగటిపూటే, వాన ముదరకముందే, వాలు కింద ఉన్న ఇళ్లను ఖాళీ చేయమని లౌడుస్పీకర్లలో చెప్పారు. నడవలేని వృద్ధులను, మంచం పట్టినవాళ్లను ముందుగానే ద్వీపం దాటించి టోక్యోకు పంపారు.